దవా నీళ్లలో కలిస్తే జహరే

నీళ్లు పాక్‌గా ఉన్నాయో లేదో రంగు, రుచి, వాసన చూసి తెలుసుకోమని ఫిఖ్ నేర్పింది. నీళ్లలో కరిగిన దవా ఈ మూడింటికీ చిక్కదు. పటాన్‌చెరులో దాదాపు 90 మందుల కంపెనీల మురుగును శుద్ధి చేసి వదిలిన నీళ్లలోనే లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉందని 2007లో ఒక అధ్యయనం తేల్చింది.

మామూలు శుద్ధిలో మురుగును తినేది బ్యాక్టీరియా. యాంటీబయోటిక్ దాన్నే చంపుతుంది. చావకుండా మిగిలేది మందుకు లొంగని రకం. రేపు మన పిల్లల బీమారీకి అదే దవా పనిచేయకపోవచ్చు.

ఇలాజ్ ఉంది. ఓజోన్ గానీ, ఇనుప లవణంతో కలిపిన హైడ్రోజన్ పెరాక్సైడ్ గానీ దవా అణువులను విరగ్గొడుతుంది. ఆ పని మురుగంతా ఒకచోట కలవకముందే, ప్రతి కంపెనీ గేటు లోపలే జరగాలి. ఖర్చెక్కువ అంటారా? మునాఫా వాళ్లకూ, బీమారీ మనకూ అయితే అది ఇన్సాఫ్ కాదు.

పానీ అల్లాహ్ అమానత్. వజూలో నీళ్లు వృథా చేయొద్దని పిల్లలకు చెప్పే మనం, వాగునే జహర్ చేసేవాళ్లను సవాల్ అడగొద్దా?