ఉల్లాసము కొరకు వేచియుండవలెనా?

“మనసు బాగుండలేదు, అందుచే వ్రాయలేదు” అను మాట రచయితలనుండియు, వ్యాసము వ్రాయవలసిన విద్యార్థులనుండియు తరచుగా వినవచ్చును. అట్టివారికి అల్లసాని పెద్దనయే పెద్ద అండ. అలజడి లేని చోటు, కర్పూర తాంబూలము, ఇష్టమైన భోజనము, ఊగెడి పడక, గుణదోషములెరిగిన సహృదయులు, భావమును పట్టుకొనగల లేఖకులు, పాఠకులు కుదరనిదే కృతి చెప్పుట సాధ్యము కాదని ఆయన చాటువు ప్రసిద్ధము.

ఈ చాటువునే శాసనముగా గైకొన్నచో సాహిత్యము కలవారి సొత్తగును. ఆత్మకూరు, ఉదయగిరి ప్రాంతముల పల్లెలలో ఒంటిగది యింట నలుగురి నడుమ చదువుకొను బాలునకు, బడియు ఇంటిపనియు ముగిసిన పిమ్మట కలము పట్టు ఉపాధ్యాయినికి అందులో చోటుండదు.

అయితే పెద్దన నాదరించిన ప్రభువు చరిత్రయే వేరు మాట చెప్పుచున్నది. శ్రీకృష్ణదేవరాయలు 1513లో గజపతులపై దండెత్తి మొదట ముట్టడించినది ఉదయగిరినే. ఆ గిరిదుర్గము 1514లో గాని లొంగలేదు. ఆ కళింగ దండయాత్ర సాగుచుండగనే, కృష్ణాతీరమందలి శ్రీకాకుళమున ఏకాదశి ఉపవాసమున్న రాత్రి, ఆంధ్రమహావిష్ణువు కలలో కనిపించి కావ్యము రచింపుమని ఆదేశించెనని ఆయనయే ‘ఆముక్తమాల్యద’ పీఠికలో చెప్పుకొన్నాడు. తాంబూలమునకు మారుగా ఉపవాసము; ఊగెడి పడకకు మారుగా దండయాత్ర!

కల ఒక్క రాత్రిది, కావ్యము ఆరాశ్వాసములది. క్రౌంచ పక్షిని చూచి కలిగిన శోకము వాల్మీకి నోట పలికించినది ఒక్క శ్లోకమునే; రామాయణము ఇరువది నాలుగు వేల శ్లోకముల గ్రంథమని ప్రతీతి. మనఃస్థితి తలుపు తెరచును, రంగునిచ్చును. లోనికి నడచి ఇల్లు కట్టవలసినది మాత్రము శ్రమయే. పలుమారు మొదటి వాక్యము వ్రాసిన పిమ్మటనే ఉల్లాసము వెంట వచ్చును.

ఇట్లనుటచే పెద్దన మాట కొట్టివేయవలసినది కాదు. ఆకలియు, దిగులును కలమునకు అడ్డుపడుట నిజమే. అయినను ఆయన కోరికలలో చివరివి అన్నిటికంటె విలువైనవి: తప్పొప్పులు చెప్పగల సహృదయుడు, శ్రద్ధగల పాఠకుడు. వీనిని సమకూర్చుటకు రాజాస్థానము అక్కరలేదు. విద్యార్థి దినమునకు అరగంట నియమముగా కూర్చుండుగాక; వ్రాసినదానిని ఉపాధ్యాయుడు ఎఱ్ఱసిరాతో కొట్టివేయుటకు ముందు ఒకమారు సానుభూతితో చదువుగాక. పడమటి నెల్లూరు పల్లెబడిలోనైనను ఈ రెండును లభించునట్టివే.