బండికి మేఁత వేయు వేళ



చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్ నగర్ పేటలలో విద్యుత్తుతో నడచు స్కూటర్లు నానాఁటికి హెచ్చుచున్నవి. 2024 నవంబరులో తెలంగాణ ప్రభుత్వము 2026 డిసెంబరు కడవఱకు వీనికి రహదారి పన్నును, రిజిస్ట్రేషను రుసుమును మినహాయించుట యందులకొక కారణము. పొగ లేదు, రొద లేదు, బండి మంచిదే. దానికి మేఁత వేయు వేళ మాత్రము మంచిది కాదు.

పురుషులు రాత్రి యేడింటికి ఇల్లు చేరి, చెప్పులు విడుచుచునే ఛార్జరు తగిలింతురు. వంటయింట మిక్సీ, పడకటింట ఏసీ, మీఁది తొట్టికి మోటారు, అన్నియు నా వేళకే. స్కూటరు ఛార్జరు రమారమి ఇస్త్రీపెట్టెయంత కరెంటు త్రాగును. ఇస్త్రీ యరగంటలో ముగియును. బ్యాటరీ పూర్తిగా తఱిగినచో నిది నాలుగైదు గంటలు విడువదు.

ఒక భవనమున పది స్కూటర్లున్నవనుకొందము. 750 వాట్ల చొప్పున నన్నియు నొక్కమాఱు తగిలించిన 7500 వాట్లు. దినమున కిరువది కిలోమీటర్లు తిరుగు బండికి గంట, గంటంబావు మేఁత చాలును గనుక, పదునొకండు దాఁటిన పిదప మూఁడేసి చొప్పున వంతులు వేసికొన్నచో నెప్పుడును 2250 వాట్లు మించవు. తెల్లవాఱులోపల నన్నియు ముగియును. ఖర్చగు యూనిట్లు రెండు విధములను నొక్కటియే. వేళను ముందే నిర్ణయించు నేర్పాటు గల బండ్లకై యెవరును మేలుకొననక్కఱ లేదు. 

వీథిలోని ట్రాన్సుఫార్మరు మాట వినుఁడు. తీఁగలో ప్రవాహము రెట్టింపైన వేఁడి నాలుగు రెట్లగును. పగలెల్ల నెండలో మ్రగ్గిన దానికి రాత్రియే చల్లదనము. ఆ రాత్రి తొలిజామును మనము హరించుచున్నాము. ఫ్యూజు పోయిన మన యిండ్లలో ఇన్వర్టరు వెలుఁగును. అశోక్ నగర్ హాస్టళ్లలో నలుగురొక గదిలో నుండి ఉద్యోగపరీక్షలకుఁ జదువు బిడ్డలలో ననేకుల కా భాగ్యము లేదు. చిక్కడపల్లి గ్రంథాలయము మూసిన పిదప వారికా గదియే దిక్కు. పల్లెనుండి నెలనెల తండ్రి పంపు రొక్కముతో నడచు చదువది.

కేంద్రప్రభుత్వము 2023లో సవరించిన నియమముల ప్రకారము, స్మార్టు మీటరు పెట్టిన యిండ్లకు సూర్యవిద్యుత్తు సమృద్ధిగా నుండు వేళలలో ధర నూటికి ఇరువది వంతులైనఁ దగ్గవలయును. ఒత్తిడి వేళలలో నూటికి పదియైన హెచ్చవలయును. నేఁడు పరోపకార మనుకొన్నది రేపు మన బిల్లులోనే కనఁబడును.

అర్ధరాత్రి ఛార్జరు తగిలించి నిద్రించుటకు భయమందురు కొందఱు. ఆ భయము వ్యర్థము కాదు. 2022 సెప్టెంబరులో సికింద్రాబాదున విద్యుత్ స్కూటర్ల దుకాణములో నగ్ని రేఁగి, పైయంతస్తుల లాడ్జిలోనికిఁ బొగ క్రమ్మి ఎనమండుగురు మరణించిరి. కావున మెట్లక్రింద, గుమ్మము ప్రక్కను ఛార్జరు వలదు. ఎండలోఁ దిరిగివచ్చిన బండి చల్లాఱిన పిమ్మటనే తగిలింపవలయును.

నా మట్టుకు మధ్యాహ్నమే మేలని తోఁచును. సూర్యుఁడిచ్చు విద్యుత్తు నిండుగానుండును, మనము మెలఁకువగా నుందుము. బడికో కచేరికో పోవు బండి మధ్యాహ్న మింట నుండదు గదా యందురేమో. అట్లైన నచ్చటనే సాకెట్టు పెట్టింపవలయును. మా యింటివారు హెడ్మాస్టరుగారితో నీ మాట యనుటకు వెనుకాడుచున్నారు, బడిసొమ్ము దొంగిలించినట్లుండునట! చిన్న మీటరు పెట్టి, యూనిట్లు లెక్కించి రొక్కము చెల్లించినచో నది దొంగతన మెట్లగునో నాకుఁ దెలియదు.