త్రాసుతో కుస్తీ

మల్లయోధునికి ఒక్కొక్కప్పుడు ప్రత్యర్థి కంటె త్రాసే బలవత్తరమైన శత్రువు. అమెరికాకు చెందిన డేనియల్ కార్మియర్ 2004 ఏథెన్స్ ఒలింపిక్స్ కుస్తీలో నాలుగో స్థానంతో పతకం పోగొట్టుకున్నాడు. 2008లో బీజింగ్ చేరినా గోదాలోకి దిగనేలేదు. 96 కిలోల తరగతికి ఒదగాలని దేహాన్ని ఎండగట్టగా మూత్రపిండాలు మొరాయించాయి.

2009లో, ముప్పయ్యో ఏట, మిశ్రమ యుద్ధకళల్లో మళ్లీ ఓనమాలు దిద్దాడు. కుస్తీలో ప్రత్యర్థి భుజాలు రెండూ నేలకంటితే పోరు ముగుస్తుంది. ఇక్కడ పడగొట్టిన తరువాత కూడా పిడిగుద్దులు, పట్లు సాగుతాయి. మొదట బరువు తగ్గనక్కరలేని హెవీవెయిట్ తరగతిలోనే పోరాడాడు. 2014లో పాత భయాన్ని ఎదిరించి 93 కిలోల తరగతికి దిగాడు. 2015లో అందులో యు.ఎఫ్.సి. విజేత అయ్యాడు, 2018లో హెవీవెయిట్ కిరీటమూ గెలిచాడు.

ఒలింపిక్ పతకం అతనికి దక్కనే లేదు. కాని తనను ఓడించిన త్రాసు మీదికి తిరిగి ఎక్కిన ధైర్యాన్ని ఏ పతకం తూచగలదు?