ఒక పాట – పలు గళములు

ఒకరు పాడిన పాటను మరొకరు పాడినచో అది వట్టి అనుకరణమనియు, అనుకరణము తక్కువ తరగతి విద్య యనియు కొందరు తలంతురు. మరికొందరు మూలగాయకుని గొంతును, ఊపిరిని సైతము విడువక దింపుటయే ప్రతిభ యని మురిసిపోవుదురు. ఈ రెండభిప్రాయములును సరియైనవి కావని మా నమ్మకము. అందులకు నిదర్శనముగా దూరదేశపు పాట నొకదానిని విద్యార్థుల ముందుంచుచున్నాము.

అమెరికా దక్షిణ రాష్ట్రములలో 1970 ప్రాంతమున ‘సదరన్ రాక్’ అను సంగీత శాఖ వెలసినది. నల్లజాతివారి బ్లూస్, పల్లెల కంట్రీ గానము, రాక్ సంగీతపు విద్యుత్ గిటారుల హోరు అందు కలిసినవి. దానికి ఆద్యులనదగినవారు 1969లో ఏర్పడి, జార్జియా రాష్ట్రములోని మేకన్ పట్టణమున స్థిరపడిన ‘ఆల్‌మన్ బ్రదర్స్ బ్యాండ్’ వారు. తెల్లవారును నల్లవారును ఒకే వేదికపై కలిసి వాయించిన బృందమది.

వారి ‘మిడ్‌నైట్ రైడర్’ అను పాట 1970లో ‘ఐడిల్‌వైల్డ్ సౌత్’ ఆల్బములో వెలువడినది. ఎవరికిని చిక్కరాదని రాత్రివేళ సాగిపోవు ఒంటరి పథికుని పంతమే అందలి వస్తువు. దీనిని రచించుచు గ్రెగ్ ఆల్‌మన్ ఒక చరణము కడ ఆగిపోగా, బృందపు సామగ్రిని చేరవేయు పనివాడైన రాబర్ట్ పేన్ మాటసాయము చేసెను. రచయితల పేర్లలో అతని పేరును చేరినది. ఈ చిన్న సంగతిని పాఠకులు గుర్తుంచుకొందురు గాక!

1971లో ఈ పాటను విడి రికార్డుగా విడుదల చేయగా, జనాదరణ పట్టికలో దానికి చోటే దొరకలేదు. దానికి ప్రాణము పోసినవి తరువాతి గళములు. 1972లో ఆంగ్లేయుడైన జో కాకర్ తన గరుకు గొంతుతో పాడగా అమెరికాలో 27వ స్థానము లభించినది. 1973లో గ్రెగ్ ఆల్‌మనే తన సొంత ఆల్బము కొరకు దానిని బరువుగా, విషాదముగా మరల పాడెను; అది మరుసటి ఏడు 19వ స్థానమునకు చేరినది. జమైకా గాయకుడు పాల్ డేవిడ్‌సన్ దానిని రెగే లయలో ఊగించి, 1976లో బ్రిటన్‌లో 10వ స్థానమందుకొనెను. విల్లీ నెల్సన్ మాటలాడినంత తేలికగా పాడి, 1980లో కంట్రీ పాటల పట్టికలో 6వ స్థానమునకు చేర్చెను.

మూలమే తుది ప్రమాణమైనచో, పాట పుట్టించినవాడే దానినేల మార్చి పాడవలెను? పాట ముగిసిన వస్తువు కాదు. పాడిన ప్రతివానికిని అది క్రొత్త పరీక్ష. ఈ సత్యము మనకు క్రొత్తది కాదు. తరహీ ముషాయిరాలో ఒకే మిస్రా నిచ్చినను ఏ కవి గజల్ ఆ కవిదే. సమస్యాపూరణమున ఒకే సమస్యను పదిమంది పదివిధములుగా పూరింతురు. ఇచ్చినది ఒకటే, తెచ్చినది వేరు.

అయినను స్వేచ్ఛకొక హద్దు కలదు. సామాను మోసిన పేన్ చేసిన సాయమునకు సైతము గుర్తింపు లభించినది. మూలకర్త పేరు దాచి పాడుట చౌర్యమే. పేరు చెప్పి తనదైన గొంతుతో పాడుట గౌరవము.

నేడు మన వార్షికోత్సవములలో ఫోనులోని వాద్యధ్వనికి తగినట్లు సినిమా పాటను అచ్చుగ్రుద్దినట్లు పాడుట పరిపాటియైనది. కళాశాల కమిటీవారికి మా మనవి యొక్కటే: రాబోవు ఏడు ఒక ఉర్దూ గీతమును, ఒక తెలుగు గీతమును ఎన్నుకొని, పోటీదారులందరిచేతను వానినే పాడింపుడు. పాటకు ముందు రచయిత పేరు చెప్పవలెను. పిమ్మట ఎవరి బాణీ వారిది. అపుడు ఎవరు అచ్చు దింపినవారో, ఎవరు గాయకులో సభకే తెలియగలదు. పరీక్షకు నోట్సును వల్లెవేయు విద్యార్థికిని ఇందులో ఒక పాఠము కలదని వేరుగా చెప్పనక్కరలేదు.