కంది కంద యగునా?

రేషను కార్డు మొదలు పరీక్షా ధ్రువపత్రము వరకు నేడు మన పేర్లన్నియు కంప్యూటరు గుండానే వెలువడుచున్నవి. చోటు చాలనప్పుడు అది మాటను కత్తిరించును. ఎచ్చట కత్తిరించుచున్నదన్న ప్రశ్న పైకి స్వల్పమే గాని, తెలుగువారికి ఉపేక్షింపదగినది కాదు.

సికింద్రాబాదులోని మోండా మార్కెట్ పేరునే తీసికొందము. బడిపిల్లవాడు మోం, డా, మా, ర్కె, ట్ అని ఐదక్షరములు లెక్కించును. యంత్రపు లెక్క వేరు. యూనికోడ్ ప్రమాణములో హల్లునకొక సంఖ్య, గుణింతపు గుర్తునకొకటి, పొల్లునకు వేరొకటి. ఆ ప్రకారము, నడిమి ఖాళీతో కలిపి, ఈ పేరు 14 సంకేతములు. యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు సంకేతమునకు 3 బైట్లు, ఖాళీకి 1. వెరసి 40 బైట్లు. ఆంగ్లాక్షరమునకు ఒక్క బైటే చాలును. కనుక ఆంగ్లమునే దృష్టియందుంచుకొని ప్రోగ్రాము వ్రాసినవారికి, "మొదటి పది తీసికొనుము" అన్నచో ఏ పది యను సందేహమే కలుగలేదు.

పై పేరును 10 బైట్ల వద్ద కోసినచో "మోం" మిగిలి, డకారము తునిగి, చదువరాని గుర్తు కనబడును. కంటికి కనబడు తప్పును దిద్దుకొనవచ్చును. కనబడని తప్పే అపాయకరము. ఆ మార్కెట్టులో ఒక పప్పుల అంగడివారు తెలుగున బిల్లు ముద్రించిరనుకొందము. "కంది"ని మూడు సంకేతముల వద్ద కోసినచో "కంద" మిగులును, పప్పు దుంపయగును! "లక్ష్మి"ని నాలుగింటి వద్ద కోసినచో "లక్ష" యగును. రెండును చక్కని తెలుగు మాటలే గనుక యంత్రమునకుగాని గుమాస్తాకుగాని అనుమానము రాదు. పేరు మారిన విద్యార్థిని మాత్రము కార్యాలయముల చుట్టు తిరుగవలసివచ్చును.

2018 ఫిబ్రవరిలో "జ్ఞా"కు సంబంధించిన ఒక సంకేతముల వరుస ఐఫోన్లలోని అనువర్తనములను స్తంభింపజేసినది. ఆపిల్ సంస్థ ఆ నెలలోనే దానిని సరిదిద్దినది. అది కోతలోని దోషము కాదు, తెరపై అక్షరమును కూర్చుటలోని దోషము. అయినను మన అక్షరము పెక్కు సంకేతముల కూర్పు అని లోకమునకు చాటినది.

పరిష్కారము లేకపోలేదు. పాఠకుడు ఒక్కటిగా చూచు అక్షరమును విడదీయకుండుటకు యూనికోడ్ నియమములు కలవు. తొలుత అవి గుణింతమును కాపాడినను, "ర్కె"ను ర్, కె అని రెండు చేసెడివి. 2023 సెప్టెంబరున వెలువడిన 15.1 కూర్పు తెలుగుతోబాటు దేవనాగరి, బెంగాలీ, గుజరాతీ, ఒరియా, మలయాళ లిపుల సంయుక్తాక్షరములను గూడ ఏకముగా నిలిపినది.

అయితే నియమము వ్రాసినంతమాత్రమున ప్రోగ్రాములు మారవు. పీహెచ్‌పీ భాషలోని సామాన్యమైన కోత ఆజ్ఞ నేటికిని బైట్లను లెక్కించును. పైథాన్ 3 సంకేతములను లెక్కించును. అక్షరములను లెక్కింపవలెనన్న ప్రోగ్రాము వ్రాయువాడే పూనుకొనవలెను. గుణింతము, వత్తు నేర్పిన ఉపాధ్యాయునికి ఈ భేదము క్రొత్తది కాదు. ప్రోగ్రాములు నేర్చు విద్యార్థులకు దానిని ఆయన వివరింపవలెను. వారు వ్రాసిన ప్రతి కోతను లక్ష్మి, జ్యోత్స్న వంటి పేర్లతో పరీక్షింపజేయవలెను. ఆ పరీక్షకు నిలువని ప్రోగ్రామును తెలుగువారి పేర్లు అప్పగించుటకు తగినదని ఒప్పుకొనరాదు.