నెలవెచ్చములు – పంట బాకీ

తొలకరి వచ్చినది మొదలు పంట ఋణముల కొరకు మన సంఘమునకు వచ్చు సభ్యుల సంఖ్య పెరుగును. పత్రములపై వ్రాలు చేసి, సొమ్ము ఖాతాలో పడిన నాడు విత్తనముల దుకాణమునకు పోవలసిన రైతు, ముందుగా వెచ్చముల కొట్టునకు పోవుట మేము పెక్కుమారులు చూచియున్నాము. గడచిన ఆరేడు నెలల పద్దు అక్కడ అతని కొరకు కాచుకొని యుండును. అది తీర్చిన పిమ్మట మిగిలిన దానితో విత్తనములు, ఎరువులు కొనవలెను. చాలకున్న మరల వడ్డీకి తేవలెను. పొలము కొరకు తెచ్చిన సొమ్ము పొలము చేరకముందే పొయ్యిలో పడుచున్నది. పంట ఋణము గడువునకు తీరకపోయినపుడు మనము వానలను, ధరలను, దళారులను నిందింతుము. ఆ నింద న్యాయమే. కాని వానితోపాటు వంటింటి అలమారును గూడ ఒకసారి తెరచి చూడవలయునని ఈ నెల మా మనవి. నెలవెచ్చములకు ఒక మొత్తమును నిర్ణయించి దానికి కట్టుబడుట ఇల్లాలి కొక్కతెకు చెందిన చిన్న విషయము కాదు. అది సేద్యపు విషయము, సంఘపు విషయము.

అప్పుచేసి పప్పుకూడు తినువాడని లోకము రైతును వెక్కిరించుట కలదు. ఈ వెక్కిరింతను మేము ఒప్పుకొనము. నెలజీతగానికి ఆదాయమును నెలకే, వ్యయమును నెలకే. రైతునకు ఆకలి ప్రతిదినము. ఆదాయమో ఏట ఒకటి రెండు మారులు. ధాన్యము అమ్మిన నెలలో చేతినిండ సొమ్ము. నాలుగు నెలలు గడచినచో చిల్లిగవ్వ యుండదు. సొమ్మున్న నెలలో తూకము చూడక కొందుము. సొమ్ము లేని నెలలో ధర యడుగక అరువు తెత్తుము. రెండును నష్టమే. కావున రైతు చేయవలసినది తక్కువ తినుట కాదు. ఏటి కొకసారి వచ్చు సొమ్మును పండ్రెండు నెలలకు సరిగా పంచుకొనుట. నెల లెక్క యనగా ఇంతయే.

ఒక లెక్క వేసి చూతము. ఒక యింట నెలకు 6,000 రూపాయల వెచ్చములు సరిపోవు ననుకొందము. నెలకు 1,000 రూపాయలు మీరిపోయి, ఆ మీరినది నెలాఖరున నూటికి రెండు రూపాయల వడ్డీకి చేబదులు తెచ్చి తీర్చుచుండి రనుకొందము. నెలకు రెండు రూపాయల వడ్డీ యనిన ఏటికి నూటికి 24. పండ్రెండు నెలలకు అసలు 12,000. వడ్డీ, చక్రవడ్డీ వేయకయే, 1,320. మొత్తము 13,320 రూపాయలు. బస్తా 1,350 రూపాయల చొప్పున తొమ్మిది బస్తాల డీఏపీయు, పైని నాలుగు బస్తాల యూరియాయు ఈ సొమ్ముతో వచ్చును. నెలకు వేయి రూపాయలనిన, దినమునకు ముప్పది మూడు రూపాయలే. దినమున కనబడని ఈ సొమ్మే ఏటి చివర మన మడి యెరువును తినివేయుచున్నది.

అంతటితో పోదు. 3 లక్షల రూపాయల వరకు పంట ఋణమునకు వడ్డీ నూటికి 7. గడువులోగా చెల్లించినవారికి కేంద్ర ప్రభుత్వపు రాయితీ పోగా 4 మాత్రమే. లక్ష రూపాయల ఋణమునకు ఇది ఏట 3,000 రూపాయల లాభము. కొట్టు బాకీ తీర్చుటకై సంఘపు గడువు తప్పిన రైతు ఈ లాభమును చేజేతుల పోగొట్టుకొనుచున్నాడు.

అరువునందు వడ్డీకన్న పెద్ద నష్టము వేరొకటి కలదు. అరువు తెచ్చువానికి ధర యడుగు నోరుండదు, తూకము చూచు కన్నుండదు, వేరొక కొట్టునకు పోవు కాలుండదు. అరువిచ్చినవాడే పంట కొనువాడయ్యెనా, ఇక పంట ధరయు అతని నోటనే యుండును. ఇందులకు వర్తకుని దూషించి ప్రయోజనము లేదు; అతడును పట్టణపు పెద్ద వర్తకునియొద్ద అరువు తెచ్చినవాడే. 1844 డిసెంబరు 21వ తేదీన ఇంగ్లండు దేశపు రాచ్‌డేల్ పట్టణమున నేతపనివారు మొదలగు సామాన్యులు 28 మంది కలిసి పిండి, వెన్న, పంచదార మొదలగు నాలుగైదు సరకులతో చిన్న కొట్టు తెరచినపుడు వారు పెట్టుకొన్న కట్టుబాట్లలో ముఖ్యమైనది రొక్కపు బేరము. అరువు పేదవాని స్వాతంత్ర్యమును హరించునని వారు అనుభవమున నెరిగిన వారు. సహకారోద్యమమునకు వంటింటి వెచ్చములే పుట్టినిల్లని మన సభ్యులు మరువరాదు.

ఇక పద్ధతి. మొదటిది, పంట సొమ్ము చేతికి వచ్చిన వారములోనే ఏటి వెచ్చముల సొమ్మును వేరుచేసి సంఘమునందో బ్యాంకునందో వేరు ఖాతాలో ఉంచి, నెలకు పండ్రెండవ వంతు మాత్రమే తీయవలెను. ఇంటిలో నున్న సొమ్ము పెండ్లికి, పందెమునకు, బంధువుల చేబదులునకు లోకువ. ఖాతాలోని సొమ్మును తీయుటకు ఒక పూట పని చెడును. ఆ పూటలో సగము కోరికలు చల్లారును.

రెండవది, వెచ్చములను మూడు తరగతులు చేయవలెను: పొలమున పండునవి, ఏట నొకసారి కొనునవి, నెలనెల కొనునవి. ఇందు మొదటి తరగతియందే మన తెలివితక్కువ యెక్కువ. కందులు చేతికి వచ్చిన పుష్య మాఘములలో బస్తాలతో అమ్మివేసి, శ్రావణ మాసమున కిలోల లెక్కన కందిపప్పు కొనితెచ్చు రైతులు ఎందరు లేరు? నూరు కిలోల కందులు మరకు వేసిన సుమారు 70 కిలోల పప్పు వచ్చును. ఇంటికి చాలినంత నిలుపుకొని మిగిలినది అమ్మవలెను గాని, అంతయు అమ్మి కొంత కొనరాదు. మిరపకాయ, చింతపండు, పసుపు పంట వచ్చునది శిశిర వసంతములలోనే. గుంటూరు మిరప యార్డునకో, నిజామాబాదు పసుపు అంగడికో సరకు తోలిన రైతు యింట వర్షకాలమున కారపు పొట్లము కొనుట కన్న వింత యేమున్నది? వీనిని బాగుగ ఎండబెట్టి, తేమ తగులకుండ దాచుకొన్నచో ఏడాది చింత తీరును. అప్పుడు నెలనెల కొనవలసినవి నూనె, పంచదార, టీపొడి, సబ్బులు మొదలగు పది పదునైదు సరకులే.

మూడవది, నెల కొకటే కొనుగోలు దినము. పట్టిక వ్రాసికొని, రొక్కము చేతబట్టుకొని పోవలెను. పొట్లముపై ధరతోపాటు తూకమును చదువవలెను. లీటరు వంటనూనె సుమారు 910 గ్రాములు తూగును. ఒకే తీరుగ కనబడు పొట్లములలో కొన్ని అంతకు తక్కువ కలవి యుండును. పది యిండ్లవారు కలిసి నూనె డబ్బాలుగను, పంచదార బస్తాగను కొని పంచుకొన్న మరింత మేలు.

ఏది తగ్గించవలెను? ఇచ్చట పెక్కుమంది పొరపడుచున్నారు. సొమ్ము చాలనపుడు మొదట పప్పును, పాలను, కూరలను తగ్గింతురు. తేనీటి అంగడి, పిల్లల చిరుతిండి పొట్లములు అట్లే సాగును. 2023–24లో కేంద్ర ప్రభుత్వము జరిపిన గృహ వినియోగ వ్యయ సర్వేలో, దేశమందలి గ్రామీణుని నెల వ్యయమున తిండి గింజలకు నూటికి సుమారు 5 పాళ్లు పోగా, పానీయములకు, తయారు తినుబండారములకు సుమారు 10 పాళ్లు పోవుచున్నవని తేలినది. బియ్యమునకన్న ఈ పొట్లములకు రెండింతలు! చౌకధరల దుకాణపు బియ్యము 2023 జనవరి నుండి ఉచితమయ్యెను గదా. అందు మిగిలిన సొమ్ము పప్పునకు పోయెనా, పొట్లములకు పోయెనా యని ఎవరి యిల్లు వారు చూచుకొనవలెను.

హైదరాబాదునందలి జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన సూచనల ప్రకారము పెద్దవారికి దినమునకు సుమారు 85 గ్రాముల పప్పుధాన్యములు కావలెను. నూనె 27 గ్రాములు చాలును. ఐదుగురు పెద్దలున్న యింటికి నెలకు పప్పులు సుమారు 13 కిలోలు, నూనె నాలుగున్నర లీటర్లు. ఈ కొలతను మీ యింటి కొలతతో పోల్చిచూడుడు. పెక్కిండ్లలో నూనె దీనిని మించియు, పప్పు సగమునకు లోబడియు నుండునని మా నమ్మకము. తగ్గించవలసినదానిని తగ్గించిననే పెంచవలసినది పెరుగును.

ధరలు నిలుకడ లేనపుడు నెల మొత్తము ఎట్లు నిలుచునని కొందరడుగుదురు. 2023 జూలైలో టమాట కిలో ధర పలుచోట్ల 200 రూపాయలు దాటెను. 2024 సెప్టెంబరులో దిగుమతి సుంకము పెరుగగా వంటనూనెల ధర పెరిగెను. నిజమే. కాని మొత్తము నిలుపుట యనగా సరకులు మార్చరాదని కాదు. టమాట మండినపుడు చింతపండు, గోంగూర, మామిడి ఒరుగులు మన యింట నుండనే యున్నవి. వెల పెరిగిన సరకు తగ్గించి, వెల తగ్గినది పెంచుటయే ఇల్లాలి నేర్పు. అయితే ఒక మాట దాచరాదు. పంటకు గిట్టుబాటు ధర రానిచో, కౌలు కట్టగా గింజ మిగులని రైతునకు, ఏ పద్దు పుస్తకమును అన్నము పెట్టదు. లెక్క ఆదాయమును పుట్టింపదు, ఉన్నదానిని జారనీయదు. అంతవరకే మేము చెప్పుచున్నాము.

ఇతరులకు చెప్పుటకు ముందు ఈ పద్ధతిని మా యింటనే పెట్టితిమి; మొదటి నెలలోనే తప్పితిమి. ఇరువదవ తేదీ నాటికి చుట్టములు వచ్చిరి. మూడు దినములలో నెల మొత్తము తీరిపోయెను. ఇక లాభము లేదని పుస్తకమును అటకపై పడవైచితిమి. అది మా రెండవ తప్పు, మొదటిదానికన్న పెద్దది. మరునెల పుస్తకము దించి చూడగా, దోషము చుట్టములది కాదు, చుట్టములకు పద్దు పెట్టని మాదని తెలిసెను. మన యిండ్లకు అతిథులు రాక మానరు, పండుగలు రాక మానవు. నెలసొమ్ములో పదవ వంతు వారి పేర వేరుగ నుంచితిమి. రాని నెలలో అది వచ్చు నెలకు కలియును. అటు తర్వాతను ఒకటి రెండు నెలలు మీరితిమి గాని, పుస్తకము మాత్రము మరల అటకెక్కలేదు.

కడపటి మాట ఇంటి యజమానులకు. నెలసొమ్ము మొదటి తేదీననే ఇల్లాలి చేతికి ఇయ్యవలెను. నడుమ అడిగి తీసికొనరాదు. తమ తేనీరు, బీడీలు, సిగరెట్లు గూడ అదే పుస్తకమున వ్రాయింపవలెను. ఆమె ఉప్పునకు లెక్క చెప్పుచుండగా ఈయన పొగకు లెక్క లేకుండుట న్యాయము కాదు. మన స్త్రీలకు లెక్కలు క్రొత్తవి కావు. నెల్లూరు జిల్లాలో సారాను తరిమిన స్త్రీలు 1990వ దశకమున దినమున కొక రూపాయి చొప్పున పొదుపు సంఘములు నడపి చూపిరి. ఈనాడు ప్రతి గ్రామమునను మహిళా సంఘముల పద్దులు వారే వ్రాయుచున్నారు. ఆ కలమునకు ఇంటి పద్దు నప్పగించి, దానిని మన్నించుటయే పురుషుల వంతు.

ఈ కోత సొమ్ము చేతికి రాగానే సభ్యు లందరును ఒక్క పుస్తకము కొని, ఒక్క యేడు వ్రాసి చూడవలెనని కోరుచున్నాము. వచ్చు తొలకరికి పంట ఋణము తీసికొనిన నాడు, కొట్టు మీదుగా పోవలసిన పనిలేక నేరుగ విత్తనముల దుకాణమునకు నడచు సభ్యులు పదిమంది యున్నను, ఈ వ్రాత సార్థకమైనదని తలతుము.