విమాన విలంబము: నష్టమెవరిది?

ప్రయాణికుఁడు పది నిమిషములు జాగుచేసినచో విమానమాగదు. టిక్కెట్టు సొమ్ము సైతము దక్కదు. విమానమే జాగుచేసినచో? మన పౌరవిమానయానాధికారులు 2010లో ఏర్పఱచి, పిమ్మట సవరించిన నిబంధనలు ప్రయాణము రద్దయినచో పరిహారము విధించినవి. విలంబమునకు మాత్రము ఫలాహారముతోను, ఆఱు గంటలు దాఁటినచో వేఱు విమానము లేదా టిక్కెట్టు సొమ్ముతోను సరిపెట్టినవి. పోయిన కాలమునకు వెల కట్టలేదు.

ఐరోపా సమాజమువారి 2004వ సంవత్సరపు శాసనమును వారి న్యాయస్థానము 2009లో వ్యాఖ్యానించి, మూఁడు గంటల విలంబమునకును దూరమునుబట్టి 250 మొదలు 600 యూరోల పరిహారము చెల్లవలెనని తీర్పు చెప్పినది. అసాధారణ కారణములకు మినహాయింపును కలదు.

వినియోగదారుల కమీషనున కెక్కుమని మనవారు చెప్పవచ్చును. కూలిదినము పోఁగొట్టుకొన్నవాఁడు ఆ మెట్లెన్నిమార్లెక్కఁగలఁడు? గంటలకింతయని పరిహారమును శాసనమే నిర్ణయింపవలెనని మేము కోరుచున్నాము. పార్లమెంటు సభ్యులు దీనికై పట్టుపట్టుదురుగాక!